ఎండుగడ్డి తిను పెయ్యకు ఏమి కలిపి పెట్టవలెను?

సంక్రాంతి వెళ్ళిన తరువాత మన డెల్టా గ్రామములలో ఏ ఇంటి దొడ్డి చూచినను గడ్డివామి కనబడును. మెట్ట ప్రాంతములలో దాని స్థానములో జొన్నచొప్ప కుప్ప ఉండును. తిరిగి తొలకరి జల్లులు పడి గట్ల మీద పచ్చిక మొలచువరకు మన పశువులు బ్రతుకునది ఈ వామి మీదనే.

పాలిచ్చు గేదెకు మీరు తవుడు, చెక్క, పత్తిగింజలు పెట్టుదురు. దుక్కికి పోవు ఎద్దు ఉన్న ఇంట ఉలవలు ఉడకబెట్టి పెట్టుదురు. ఇక పెయ్యకు, పడ్డకు, కోడెదూడకు ఏమి పెట్టుచున్నారు? పెద్దపశువులు తిని వదలిన గడ్డిని పెట్టుచున్నారు. "అది ఇంకా పాలిచ్చేది కాదు గదా, ఈనిన తరువాత చూద్దాము" అని చాలమంది అనుట నేను విన్నాను. ఆ తరువాత అన్నది ఎంత దూరములో ఉన్నదో తెలియవలెనన్న, ముందు ఒక చిన్న లెక్క చూడండి.

పెరగని పెయ్య మీద నష్టమెంత?

ఆరు మాసముల సంకరజాతి పెయ్య 80 కిలోలు ఉన్నదనుకొందము. దానిని చూలు కట్టించవలెనన్న సుమారు 250 కిలోల బరువు రావలెను. పెయ్య ఎదకు వచ్చుట వయస్సును బట్టి గాక ముఖ్యముగ బరువును బట్టి జరుగును. అనగా అది ఇంకను 170 కిలోలు పెరుగవలెను.

రోజుకు 400 గ్రాముల చొప్పున పెరిగినచో 425 రోజులు, అనగా 14 మాసములు చాలును. 20 మాసముల వయస్సున చూలు కట్టించవచ్చును. తొమ్మిది మాసములు మోసి 29, 30 మాసములకు ఈనును. అదే పెయ్య వట్టి ఎండుగడ్డితో రోజుకు 150 గ్రాములే పెరిగినచో 1,130 రోజులు పట్టును. అప్పటికి దాని వయస్సు 43 మాసములు దాటును. ఈనునప్పటికి నాలుగేండ్ల నాలుగు మాసములగును.

రెండు లెక్కలకును మధ్య దాదాపు రెండేండ్ల తేడా ఉన్నది. ఈ రెండేండ్లలో ఆ పెయ్య ఒక చుక్క పాలివ్వక రోజూ గడ్డి తినుచునే ఉండును. ఒక ఈత పాలును, ఒక దూడయు మీ చేతికి రాకుండనే పోయినవి. "దాణా ఖర్చు మిగిలింది" అని మనము సంతోషించుచుండగ, ఆ మిగులుకు ఎన్నో రెట్లు ఇటువైపు కారిపోయినది.

ఎండుగడ్డిలో ఏమున్నది, ఏమి కొరవడినది?

వరిగడ్డిలో శక్తినిచ్చు పదార్థము లేకపోలేదు. అయితే అది పీచు రూపములో బిగిసి ఉన్నది. ఆ పీచు చుట్టు లిగ్నిన్ అను కొయ్యవంటి పదార్థము అల్లుకొని ఉండును. దీనికి తోడు వరిగడ్డిలో ఇసుక జాతిదైన సిలికా ఎక్కువ. అందుచేతనే అది అంత గరుకుగ ఉండును. జొన్నచొప్పలో సిలికా తక్కువ గనుక పశువు దానిని కొంత మేలుగ అరిగించుకొనును.

కొరతలలో మొదటిది మాంసకృత్తులది. వరిగడ్డిలో నూటికి 3, 4 పాళ్ళకు మించి మాంసకృత్తులు ఉండవు. రెండవది భాస్వరము, అది చాల తక్కువ. మూడవది సున్నము. గడ్డిలో సున్నము కొంత ఉన్నను ఆక్సాలేటులు దానిని పట్టివేయుట వలన పశువునకు సరిగ దక్కదు. నాలుగవది విటమిన్ 'ఎ'. పచ్చిమేతలో దీనికి మూలపదార్థము సమృద్ధిగ ఉండును గాని, ఎండి మాసములు గడచిన గడ్డిలో దాదాపు ఉండదు. పచ్చిమేత ముఖమెరుగని పశువులకు రేచీకటి వచ్చుటకును, పుట్టిన దూడలు గ్రుడ్డివగుటకును ఇదియే కారణము.

మీ పెయ్య గోడ నాకుచున్నదా? మన్ను తినుచున్నదా? గుడ్డపీలికలు, ఎముకలు నములుచున్నదా? అది చెడ్డ అలవాటు కాదు, కొరతకు గుర్తు. ముఖ్యముగ భాస్వరము చాలని పశువు అట్లు చేయును. దానిని కొట్టి మాన్పించుటకు బదులు కొరత తీర్చవలెను. పాత ఎముకలు నమిలిన పశువునకు ప్రాణాపాయమైన విషవ్యాధి రాగలదని గూడ గుర్తుంచుకొనవలెను.

పొట్టలోని పాలేళ్ళు

గడ్డిని అరిగించునది నిజమునకు పశువు కాదు. దాని మొదటి పొట్టలో లెక్కకు అందని సూక్ష్మజీవులు ఉన్నవి. పీచును విరగగొట్టి, పులియబెట్టి, పశువునకు శక్తినిచ్చు ఆమ్లములుగ మార్చునవి అవియే. తరువాత ఆ సూక్ష్మజీవులే క్రింది పొట్టలోనికి పోయి అరిగి పశువునకు మాంసకృత్తులగును. వీనిని పొట్టలోని పాలేళ్ళని అనుకొనండి.

పాలేరుకు కూడు పెట్టక పని చెప్పిన పని సాగునా? ఈ పాలేళ్ళకు కావలసిన కూడు నత్రజని. మేతలో నూటికి 7, 8 పాళ్ళ మాంసకృత్తులైనను ఉండనిదే అవి వృద్ధి కావు. అవి వృద్ధి కానిచో గడ్డి పొట్టలో చాలసేపు అరుగక నిలిచిపోవును. పొట్ట నిండి ఉండును గనుక పశువు మరల గడ్డి ముట్టదు. డొక్కలెండి, పొట్ట మాత్రము కుండవలె వ్రేలాడు దూడలను మీరు చూచియే ఉందురు. వాని పొట్ట నిండినది గాని ఆకలి తీరలేదు.

కావున ఎండుగడ్డి మేపు పెయ్యకు ఏది కలిపి పెట్టినను మొదటి ప్రశ్న ఒకటే: ఇది పాలేళ్ళకు కూడు అగునా, కాదా?

మొదటి మెట్టు: నట్టలమందు, నీరు, ఉప్పు, ఖనిజ మిశ్రమము

కడుపులో నట్టలున్న దూడకు ఏమి పెట్టినను సగము వాని పాలే. ముందు పశువైద్యుని అడిగి, వయస్సుకు, బరువుకు తగిన నట్టలమందు త్రాగించవలెను. ఎండుమేత తిను పశువునకు రోజంతయు మంచినీరు అందుబాటులో ఉండవలెను. నీరు చాలకున్న గడ్డి తినుట తగ్గును.

ఆ తరువాత రోజుకు 20 గ్రాముల ఉప్పు, ఖనిజ మిశ్రమము పెట్టవలెను. ఖనిజ మిశ్రమము చిన్నదూడలకు రోజుకు 20, 25 గ్రాములు, పెరుగు పెయ్యలకు, పడ్డలకు 50 గ్రాముల వరకు చాలును. సంచి మీద ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్నదా, అందులో సున్నము, భాస్వరము ఎంతెంత ఉన్నవో వ్రాసినారా అని చూచి కొనండి. భాస్వరము పాలు వ్రాయని సంచిని దుకాణములోనే వదలివేయండి. ఖనిజ మిశ్రమము వాసనకు దూడ మొదట ముఖము త్రిప్పుకొనవచ్చును. తవుడులో కలిపి, కొద్దికొద్దిగ అలవాటు చేసిన తినును.

రెండవ మెట్టు: పప్పుజాతి మేత, చెక్క

మన పెద్దలు వరి కోయుటకు ముందు చేలో పిల్లిపెసర, జనుము చల్లుట ఊరకనే కాదు. పప్పుజాతి మేతలలో, ఎండు పదార్థము లెక్కన, నూటికి 12 మొదలు 20 పాళ్ళ వరకు మాంసకృత్తులుండును. ఆకు రాలకుండ నీడన ఎండబెట్టి దాచిన పిల్లిపెసర, జనుము వేసవిలో పెయ్యకు బంగారము వంటివి. ఎకరములో ఒక మూల అలసంద గాని, నీటి వసతి ఉన్నచోట లూసర్న్ గాని వేసినను, గట్ల మీద అవిశె, సుబాబుల్ పెంచినను అదే ఫలితము కలుగును. సుబాబుల్‌లో మైమోసిన్ అను విషపదార్థము కొంత ఉన్నది. కావున పచ్చిమేతలో మూడవ వంతుకు మించనీయరాదు.

పచ్చిమేత రెండు పనులు చేయును. పాలేళ్ళకు నత్రజనిని ఇచ్చును, పశువునకు విటమిన్ 'ఎ' కొరత తీర్చును. ఇంత చౌకగ ఈ రెండు పనులు చేయు పొట్లము ఏ అంగడిలోను లేదు.

మెట్ట రైతులకు ఒక హెచ్చరిక. ఎండకు వాడి నిలిచిపోయిన లేతజొన్నను, కోసిన తరువాత మొలచిన పిలకలను పెయ్యకు వేయవద్దు. "నాము" పట్టునని మీకు తెలిసినదే. పండి ఎండిన చొప్పకు ఆ భయము లేదు.

ఇక దాణా. 100 కిలోల దాణా ఇంటివద్దనే ఈ విధముగ కలుపుకొనవచ్చును:

నూకలు లేక మొక్కజొన్న — 30 కిలోలు
వేరుశనగ చెక్క — 30 కిలోలు
తవుడు — 37 కిలోలు
ఖనిజ మిశ్రమము — 2 కిలోలు
ఉప్పు — 1 కిలో

వేరుశనగ చెక్కకు బదులు పత్తిగింజల చెక్క వాడినచో దానిని 40 కిలోలు వేసి, తవుడు 27 కిలోలకు తగ్గించవలెను. పత్తిగింజల చెక్క మాత్రము నెమరు బాగుగ పట్టిన దూడలకే పెట్టవలెను, పాలుత్రాగు దూడలకు కాదు. బూజు పట్టిన చెక్కను ఎంత చౌకగ వచ్చినను కొనవద్దు. ఆ బూజు విషము కాలేయమును చెరచును. బూజుపట్టిన గడ్డి విషయమును ఇంతే. దానిని పేడకుప్పలో వేయుటయే మేలు.

మూడవ మెట్టు: యూరియాతో గడ్డిని మాగవేయుట

పచ్చిమేతకు నీరు లేదు, చెక్క కొన చేతిలో డబ్బు లేదు. అట్టి ఇంటికి ఉన్న దారి ఇది. యూరియాలో నూటికి 46 పాళ్ళు నత్రజని. పొట్టలోని సూక్ష్మజీవులు ఈ నత్రజనిని వాడుకొనగలవు. అయితే యూరియాను నేరుగ పెట్టుట అపాయకరము. దానికంటె క్షేమమైన పద్ధతి గడ్డిని యూరియాతో మాగవేయుట.

మాగవేసిన గడ్డిలో జరుగునది ఇది: తడి తగిలినప్పుడు యూరియా విడిపోయి అమ్మోనియా అగును. ఆ అమ్మోనియా పీచును ఉబ్బించి, లిగ్నిన్ పట్టును సడలించును. కొంత గడ్డిలోనే నిలిచిపోవును. అందువలన గడ్డి మెత్తబడును, పశువు ఎక్కువ తినును, తిన్నది ఎక్కువ అరుగును. నూటికి 3, 4 పాళ్ళున్న మాంసకృత్తుల లెక్క 7, 8 పాళ్ళకు పెరుగును. పైన చెప్పిన పాలేళ్ళ కూటికి సరిగ ఇంతే గదా కావలసినది!

రెండు పాడిగేదెలు, రెండు పెయ్యలు ఉన్న ఇంటికి రోజుకు సుమారు 20 కిలోల గడ్డి కావలెను. 500 కిలోల గడ్డిని ఒకసారి మాగవేసిన 25 రోజులు వచ్చును. ఒక కుప్ప వాడుచుండగ రెండవది మాగుచుండవలెను. చేయు విధము ఇది:

1. నీరు నిలువని, గట్టి నేల గల చోట పాలిథిన్ పట్టా గాని, అరటి ఆకులు గాని పరువవలెను.

2. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా తూచి 50 మొదలు 60 లీటర్ల నీటిలో పూర్తిగ కరగించవలెను. చేతి అంచనా పనికిరాదు, కాటా మీద తూచవలెను. 500 కిలోలకు యూరియా 20 కిలోలు. ఒక 45 కిలోల బస్తా 11 క్వింటాళ్ళ గడ్డికి సరిపోవును.

3. గడ్డిని పొరలు పొరలుగ పరచి, పూలమొక్కలకు నీరు పోయు డబ్బాతో ద్రావణమును అంతట సమముగ చల్లవలెను. ప్రతి పొరను కాళ్ళతో బాగుగ త్రొక్కి గాలి పోగొట్టవలెను. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడరాదు.

4. పైన పాలిథిన్ పట్టా కప్పి, అంచులను మట్టితో మెత్తి గాలి చొరకుండ మూయవలెను. కాకులు, కుక్కలు చింపకుండ పైన పాతగడ్డి వేయవలెను.

5. 21 రోజులు కదపరాదు. గడువు తీరిన తరువాత గడ్డి గోధుమరంగుకు మారి, మెత్తబడి, ఘాటైన వాసన వచ్చిన బాగుగ మాగినట్లు. నల్లబడి, బూజు పట్టినచో గాలి చొరినట్లు. ఆ భాగమును తీసి పారవేయవలెను.

6. ఆనాటికి కావలసినంతయే ఒక ప్రక్కనుండి తీసి, వెంటనే కుప్పను మూయవలెను. తీసిన గడ్డిని ఒక గంట గాలికి ఆరవేసి, ఘాటు పోయిన తరువాత పెట్టవలెను.

7. మొదట పాత గడ్డిలో నాలుగవ వంతు కలిపి మొదలుపెట్టి, వారము పది రోజులలో పూర్తిగ మార్చవలెను.

ఆరు మాసములు నిండని దూడలకు ఈ గడ్డి పెట్టరాదు. వాని పొట్టలో ఇంకను పాలేళ్ళు కుదురుకొనలేదు. పచ్చిగడ్డిని ఈ పద్ధతిని మాగవేయరాదు. మాగవేయునప్పుడు బెల్లము గాని, చెరకు మడ్డి గాని కలుపరాదు. తీపి ఉన్న మేతలో అమ్మోనియా కలిసిన పశువును పిచ్చెక్కించు విషము పుట్టగలదు.

నేను చేసిన పొరపాటు

ఇక్కడ ఒక మాట దాచకుండ చెప్పవలసి ఉన్నది. నేను ఉద్యోగములో చేరిన క్రొత్తలో ఒక గ్రామములో ఈ పద్ధతిని చేసి చూపించుటకు పోయినాను. ఒక రైతు తన దొడ్డిలో స్థలమిచ్చినాడు, గడ్డి ఇచ్చినాడు. ఊరివారు ముప్పదిమంది వరకు చేరినారు. డ్రమ్ములో యూరియా కరగించి, గడ్డి పరచి, నేను పాలేళ్ళ కథ చెప్పుచున్నాను. అంతలో రైతు భార్య అందరికి మజ్జిగ తెచ్చినది. అందరము చెట్టుక్రిందికి పోయినాము. డ్రమ్ము మీద మూత లేదు. మూయమని నేను చెప్పలేదు.

ఎండలో కట్టివేసిన పెయ్య ఒకటి పలుపు తెంచుకొని వచ్చి డ్రమ్ములో మూతి పెట్టినది. మేము చూచి అదిలించులోపల అది త్రాగవలసినంత త్రాగినది. అరగంట కాకముందే నోట నురుగు కారినది. ఒళ్ళు వణకినది, పొట్ట ఉబ్బినది, కాళ్ళు తడబడి కూలబడినది. పశువైద్యుడు పొరుగూరినుండి వచ్చునప్పటికి ప్రాణము లేదు. రెండేండ్లు పెంచిన పెయ్య అది.

ఆ రైతు నన్ను ఒక్క మాట అనలేదు. ఆయన తల్లి మాత్రము, "అయ్యా, గడ్డి సంగతి అంతా చెప్పినావు, విషమని ముందు చెప్పలేదేమి?" అని అడిగినది. దానికి నావద్ద జవాబు లేకపోయినది. ఆ ఊరిలో తరువాత రెండేండ్లు గడ్డి మాగవేయుమని ఎవరిని అడుగుటకు నాకు నోరు రాలేదు. మూడవ ఏట ఆ రైతే నన్ను పిలిచినాడు. నేను పోవునప్పటికి పశువులన్నిటిని దూరముగ చింతచెట్టు క్రింద కట్టివేసి, డ్రమ్ము మీద మూత పెట్టి, మూత మీద రాయి పెట్టి ఉంచినాడు. ఆ రాయి పెట్టినది ఆ ముసలమ్మ.

అందుచేత ఇప్పుడు నేను ఎక్కడికి పోయినను మొదటి మాట ఇదే చెప్పుదును: ముందు పశువులను కట్టివేయండి, పిల్లలను దూరముగ పంపండి, తరువాత యూరియా బస్తా విప్పండి. ద్రావణము మిగిలినచో చేనిలో పోయండి. డ్రమ్మును, బకెట్టును అప్పుడే కడిగి బోర్లించండి. వానితో పశువులకు కుడితి, నీళ్ళు పెట్టవద్దు.

పొరపాటున పశువు యూరియా తిన్నచో పశువైద్యునికి వెంటనే కబురు పంపండి. ఆయన వచ్చులోపల, మ్రింగగల స్థితిలో ఉన్న పశువునకు చల్లని నీటిలో వెనిగరు కలిపి నిదానముగ త్రాగించవచ్చును. పులుపు అమ్మోనియాను అణచును, చల్లదనము యూరియా విడిపోవుటను మందగింపజేయును. కూలబడి, మ్రింగలేని పశువు నోట ఏమియు పోయవద్దు, ఊపిరితిత్తులలోనికి పోవును.

నాకు యూరియా ఇటుకలు

యూరియా, చెరకు మడ్డి, ఖనిజ లవణములు, తవుడు కలిపి గట్టిగ పోసిన ఇటుకలను 1980ల దశకములో ఆణంద్‌లోని జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి మండలి మన దేశములో ప్రచారములోనికి తెచ్చినది. పశువు కొంచెము కొంచెముగ నాకును గనుక నత్రజని రోజంతయు సన్నగ అందును. ఎండుగడ్డి మేపు ఇంట ఇవి మంచి ఉపకరణములు. అయితే గాడిలో గడ్డి నిండుగ ఉన్నప్పుడే వ్రేలాడగట్టవలెను. ఆకలిగొన్న పశువు ముందు పెట్టిన కొరికి తినివేయును. వానకు తడిసి కరగిన నీటిని త్రాగనీయరాదు. ఇవియు ఆరు మాసములు దాటిన పశువులకే. మాగవేసిన గడ్డి కడుపునిండ పెట్టుచున్నచో వేరుగ యూరియా ఇటుక అవసరము లేదు. ఒకే ఇంట రెండు దారుల యూరియా చేరుట మంచిది కాదు.

అంగడిలోని పొట్లముల సంగతి

పట్నపు దుకాణములలో రంగురంగుల డబ్బాలు దొరకుచున్నవి. "నెలలో దూడ రెట్టింపు" అని వ్రాసినవి గూడ ఉన్నవి. ఏది ఏమి పని చేయునో తెలిసికొని కొనండి.

వంటసోడా వంటివి: ధాన్యము, దాణా ఎక్కువ మేపు పశువుల పొట్టలో పులుపు పెరిగినప్పుడు పనికివచ్చును. ఎండుగడ్డి బాగుగ నెమరువేయు పశువు తన లాలాజలముతోనే ఆ పని చేసికొనును. మీ పెయ్యకు అవసరము లేదు.

ఈస్టు, ఎంజైములు: ఇవి కొన్ని చోట్ల కొంత మేలు చేసినవి, కొన్ని చోట్ల ఏమియు చేయలేదు. నత్రజని, ఖనిజములు చాలిన పశువునకు చివరి మెరుగుగ వాడవచ్చును గాని, వాని కొరతను ఇవి తీర్చలేవు.

మోనెన్సిన్ వంటివి: ఇది నేలలోని ఒక సూక్ష్మజీవి నుండి తీసిన మందు. పొట్టలో కొన్ని జాతుల సూక్ష్మజీవులను అణచి, వాయువుగ వృథా అగు శక్తిని తగ్గించును. అమెరికాలో 1970ల దశకమునుండి మాంసపు పశువుల మేతలో దీనిని వాడుచున్నారు. ఐరోపా దేశముల కూటమి, పెరుగుదల కొరకు మేతలో ఇట్టి మందులను వాడుటను 2006 జనవరి 1 నుండి నిషేధించినది. పశువు తట్టుకొను మోతాదే గుఱ్ఱమును, గాడిదను చంపగలదు. పశువైద్యుడు చీటీ వ్రాయనిదే ఇట్టి మందును ఇంటికి తేవద్దు. అంతకు మించి ఒక మాట: నత్రజని లేక ఆకలితో ఉన్న పాలేళ్ళలో కొందరిని తరిమివేసినంత మాత్రమున మిగిలినవారి కూడు సమకూరదు.

పెరుగుదల కొరకు సూక్ష్మజీవనాశక మందులను దాణాలో కలుపుట ఇంకను చెడ్డది. వానికి అలవాటుపడిన రోగక్రిములు రేపు మన పిల్లలకు సోకిన, మందు పనిచేయదు. ఈ కారణము చేతనే కొలిస్టిన్ అను మందును ఆహారమునకై పెంచు పశువులకు, కోళ్ళకు వాడుటను మన కేంద్ర ప్రభుత్వము 2019లో నిషేధించినది.

పొట్లము కొనబోవుచు మూడు ప్రశ్నలు వేసికొనండి. నా పెయ్యకు ఉన్న కొరత ఏది? ఈ పొట్లము ఆ కొరతను తీర్చునా? అదే డబ్బుతో చెక్క, ఖనిజ మిశ్రమము ఎంత వచ్చును? చాలసార్లు పొట్లము దుకాణములోనే ఉండిపోవును.

రోజు మేత ఎంత?

150 కిలోల బరువున్న పెయ్యకు రోజుకు సుమారు 4 కిలోల ఎండుపదార్థము కావలెను. మాగవేసిన గడ్డి సుమారు 3 కిలోలు, పచ్చిమేత 4, 5 కిలోలు, దాణా అర కిలో మొదలు ఒక కిలో వరకు పెట్టవచ్చును. దాణాలో కలిపిన ఖనిజ మిశ్రమము కిలోకు 20 గ్రాములే. కావున తక్కిన 30 గ్రాములను వేరుగ కలుపవలెను. ఉప్పును అట్లే 20 గ్రాములకు సరిచేయవలెను. గడ్డిని ముక్కలుగ కత్తిరించి పెట్టిన త్రొక్కి పారవేయుట తగ్గును. పెయ్యకు వేరే గాడి ఉండవలెను. పెద్దపశువు ప్రక్కన కట్టిన, మీరు పెట్టిన దాణా దానికే పోవును.

కొలిచి చూడండి

పెరిగినదో లేదో కంటికి తెలియదు, టేపుకు తెలియును. నెలకొకసారి ఉదయము మేతకు ముందు, ముందుకాళ్ళ వెనుకగ రొమ్ము చుట్టుకొలతను, భుజము మొననుండి తుంటి మొన వరకు పొడవును సెంటీమీటర్లలో కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో గుణించి, పొడవుతో గుణించి, 10,840తో భాగించిన సుమారు బరువు కిలోలలో వచ్చును. ఉదాహరణకు చుట్టుకొలత 120, పొడవు 105 అయినచో 120 × 120 × 105 = 15,12,000. దీనిని 10,840తో భాగించిన దాదాపు 140 కిలోలు.

పాక గుంజమీద సుద్దతో నెలనెలా వ్రాయండి. నెలకు 9 మొదలు 12 కిలోలు పెరుగుచున్నచో మీ మేత సరిగ ఉన్నట్లే. 4, 5 కిలోలతో ఆగినచో ఈ వ్యాసమును మరల మొదటి మెట్టునుండి చదివి, ఏ మెట్టు దాటవేసినారో వెదకండి.

గ్రామోద్యోగులకు ఒక మాట

మీ గ్రామములో గడ్డి మాగవేయు ప్రదర్శన ఏర్పాటు చేయునప్పుడు, కాటా, పట్టా, డబ్బా సిద్ధము చేసినట్లే పలుపులు, డ్రమ్ముకు మూత గూడ సిద్ధము చేయించండి. పశువైద్యుడు ఆ పూట ఊరిలో ఉండునట్లు ముందుగ కబురు పంపండి. మేత వేయునది, కుడితి కలుపునది చాల ఇండ్లలో స్త్రీలే గనుక వారిని ముందువరుసలో కూర్చుండబెట్టండి. వరికోత యంత్రము వెనుక పొలములో మిగిలిన గడ్డిని తగులబెట్టు రైతులతో, అందులో తమ పెయ్య సంవత్సరపు మేత ఉన్నదని చెప్పండి.

రైతు సోదరులారా, ఈ వేసవికి 500 కిలోల గడ్డితో ఒక కుప్ప వేసి చూడండి. ముందుగ మీ పెయ్యను కొలిచి, గుంజమీద వ్రాసికొనండి. డ్రమ్ము మీద మూత పెట్టండి, మూత మీద రాయి పెట్టండి.